బయోస్ అప్‌డేట్‌లో బోర్డు ఆగిపోతే: నల్లగొండ, పాలమూరు నుంచి తరచూ అడిగే ప్రశ్నలు

నేను మా డెస్క్‌టాప్‌కు బయోస్ అప్‌డేట్ పెట్టిన సాయంత్రమే నల్లగొండలో గాలిదుమారం లేచింది. తెర మీద గీత సగం కూడా దాటలేదు, కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ మార్చాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. కరెంటు వచ్చాక ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మర్నాడు ఒక సర్వీస్ సెంటర్లో బోర్డును ఐదు నిమిషాలు చూసి "డెడ్ బోర్డు, మార్చాల్సిందే" అన్నారు. మనసొప్పక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే మనమంతా సీటీసీ అనే చోటుకు, పట్టుకెళ్లాను. అక్కడ చిప్ లెవల్ పని చేసే కుర్రాడు అరగంటలో డిస్‌ప్లే తెప్పించాడు. ఆ బోర్డు ఇప్పటికీ పనిచేస్తోంది.

అప్పటి నుంచి దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, గద్వాల నుంచి తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్నలివి. బాగుచేసే దారి, చట్టం ఇచ్చే దారి రెండూ కలిపి చెప్తున్నాను. ఒకటి తెలియకపోతే రెండోది అక్కరకు రాదు.

"పవర్ వస్తుంది, డిస్‌ప్లే వస్తలేదు. బోర్డు పోయినట్టేనా?"

చాలాసార్లు పోదు. బయోస్ అనేది బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లో రాసి ఉండే ప్రోగ్రామ్. స్విచ్ వేయగానే ప్రాసెసర్ మొదట చదివేది దాన్నే. అప్‌డేట్ అంటే పాత రాత చెరిపి కొత్తది రాయడం. చెరిపాక, రాయక ముందు ఆగిపోతే ప్రాసెసర్‌కు చదవడానికి ఏమీ దొరకదు. బోర్డు మీది కెపాసిటర్లు, సాకెట్, రాగి దారులు అన్నీ బాగానే ఉంటాయి. పాడైంది రాత ఒక్కటే, రాతను మళ్లీ రాయొచ్చు.

ఒక జాగ్రత్త. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు అప్‌డేట్ అయ్యాక మొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌ను కొత్తగా సరిచూసుకుంటాయి. తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉంటుంది. అప్‌డేట్ పూర్తయిందో లేదో తెలియక కంగారులో స్విచ్ ఆపేవాళ్లే ఎక్కువ. పావుగంట ఆగండి.

గుండ్రటి బ్యాటరీ తీసి పెడితే బాగవుతుందని కొందరు చెప్తారు. అది సెట్టింగులను మాత్రమే చెరుపుతుంది. చెడిన బయోస్ రాతను బాగుచేయదు.

"షాపుకు పోకముందు ఇంట్లో ఏం చేయొచ్చు? వారంటీకి ఏమన్నా అయితదా?"

కంపెనీయే ఇచ్చిన దారులు వాడితే వారంటీకి సాధారణంగా ఏమీ కాదు. వాటినే ముందు వాడాలి. ఆసుస్ బోర్డుల్లో బయోస్ ఫ్లాష్‌బ్యాక్, ఎంఎస్ఐలో ఫ్లాష్ బయోస్ బటన్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ ప్లస్ అని వెనకవైపు ఒక మీట ఉంటుంది. అన్ని మోడళ్లలో ఉండదు, మీ బోర్డు వెనక చూడండి. ఉంటే మీ అదృష్టం. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, సరిగ్గా మీ మోడల్ ఫైలును, కంపెనీ చెప్పిన పేరుతోనే అందులో వేసి, గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి మీట నొక్కాలి. లైటు మిణుకుమిణుకుమంటూ కొన్ని నిమిషాలు నడుస్తుంది. అది ఆగేదాకా దేన్నీ ముట్టుకోవద్దు. ఈ పద్ధతికి ప్రాసెసర్, ర్యామ్ కూడా అక్కర్లేదు, పవర్ సప్లై ఉంటే చాలు.

లాప్‌టాప్‌లకు వేరే దారి ఉంది. డెల్ మోడళ్లు చాలావాటిలో కంట్రోల్, ఎస్కేప్ కీలు నొక్కిపట్టి చార్జర్ పెడితే రికవరీ తెర వస్తుంది. హెచ్‌పీలో విండోస్ కీ, బి కలిపి నొక్కి పవర్ బటన్ పట్టుకోవాలి. మోడల్ నెంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్న ఫైలు కూడా వేయొద్దు. బోర్డు మీద రివిజన్ నెంబరు సన్నటి అక్షరాల్లో ఒక మూలన ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి.

చేస్తున్నదంతా వీడియో తీయండి. ఎందుకో చట్టం సంగతి వచ్చేటప్పుడు మళ్లీ చెప్తాను.

"వారంటీలోనే ఉంది. అప్‌డేట్ నువ్వే చేసినవ్ కాబట్టి వర్తించదు అంటున్నరు."

అక్కడే ఆగి ఒక్కటి అడగండి: "ఆ మాట కాగితం మీద రాసివ్వండి." నోటితో తేలిగ్గా అనేసే మాటను రాసివ్వడానికి చాలామంది వెనకాడతారు. రాసిస్తే అదే మీ చేతిలో మొదటి సాక్ష్యం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు ఎలా పనిచేయాలని చట్టమో ఒప్పందమో చెప్తుందో, లేదా అమ్మేవాడు ఏదో ఒక రూపంలో చెప్పుకున్నాడో, దానికి తక్కువైతే అది లోపమే. డబ్బా మీద "అప్‌డేట్ చెడినా తిరిగి లేస్తుంది" అన్న అర్థంలో గొప్పగా అచ్చువేసిన బోర్డు మీటకు పలకకపోతే, లోపం ఆ మీటది. మీరు అప్‌డేట్ ఎందుకు చేశారన్నది తర్వాతి సంగతి.

కంపెనీ సైటులో పెట్టిన ఫైలునే, కంపెనీ టూల్‌తోనే, సరైన మోడల్‌కే వేశారా? అయితే మీ వాదన గట్టిది. ఏదో ఫోరంలో దొరికిన మార్చిన ఫైలు వేశారా? అయితే బలహీనమే, ఆ నిజం దాచొద్దు. ఇక్కడ 2023లో జరిగింది తెలుసుకోవాలి. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లు కొన్ని కాలిపోతున్నాయని గొడవయ్యాక ఆసుస్ బీటా బయోస్‌లు విడుదల చేసింది. వాటి పక్కనే, ఇది వాడితే వారంటీ పోవచ్చన్న హెచ్చరిక పెట్టింది. జనం తిరగబడ్డారు. మే నెలలో కంపెనీ దిగొచ్చి, ఏఎం5 బోర్డులకు బీటా బయోస్ అయినా పూర్తిగా పరీక్షించినదైనా వారంటీ వర్తిస్తుందని ప్రకటించింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల జబ్బుకు మందు వచ్చింది కూడా బయోస్ అప్‌డేట్ రూపంలోనే. కంపెనీలే "వేసుకోండి" అని చెప్పే పనిని చేసినందుకు కొన్నవాడిని తప్పుపట్టడం న్యాయం కాదు.

"నేనేం చేయలే. విండోసే అప్‌డేట్ చేసుకుంది."

నిజంగా జరుగుతుంది. లాప్‌టాప్ కంపెనీలు ఫర్మ్‌వేర్‌ను విండోస్ అప్‌డేట్ ద్వారా కూడా పంపుతాయి. రీస్టార్ట్ అయ్యేటప్పుడు అది ఎక్కుతుంది. ఇందులో మీ చేయి లేదు. డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెడితే విండోస్ అప్‌డేట్ చరిత్రలో తేదీతో సహా దొరకొచ్చు. మీ కేసుకు ఇంతకంటే మంచి కాగితం లేదు.

"కరెంటోళ్ల మీద కేసు వేయొచ్చా?"

మామూలు కోతకు పరిహారం రాబట్టడం చాలా కష్టం, నేనైతే ఆ దారి పట్టమని చెప్పను. హై వోల్టేజీ వచ్చి నాలుగిళ్లలో వస్తువులు కాలితే సంగతి వేరు. వెంటనే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నెంబరు రాసుకోండి, తర్వాత దక్షిణ డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు వెళ్లొచ్చు.

అయితే సర్వీస్ సెంటర్ "కరెంటు దెబ్బ, వారంటీలో లేదు" అంటే ఒప్పుకోకండి. కరెంటు పోవడం వేరు, కరెంటు కొట్టి బోర్డు కాలడం వేరు. కాలిన భాగం ఏదో చూపించమనండి.

"బయట విప్పిస్తే వారంటీ పోతదని స్టిక్కర్ వేసిండ్రు."

అమెరికాలో మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం 1975 నుంచి ఉంది. ఇలాంటి స్టిక్కర్లు చెల్లవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆసుస్, సోనీ, మైక్రోసాఫ్ట్ వంటి ఆరు కంపెనీలకు, 2024 జులైలో మదర్‌బోర్డులు చేసే ఆస్‌రాక్, గిగాబైట్‌లతో పాటు జోటాక్‌కు కూడా హెచ్చరిక లేఖలు పంపింది. మన దగ్గర అంత సూటి చట్టం లేదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాల కంపెనీల వారంటీ షరతులు, సర్వీస్ కేంద్రాల వివరాలు అందులో చూడొచ్చు. మీ కంపెనీ షరతులు అక్కడ ఉంటే ఒక ప్రతి తీసి పెట్టుకోండి.

కాబట్టి నా సలహా ఇది. వారంటీ ఉన్నన్నాళ్లు చిప్ మీద బయటివాళ్లతో చేయి వేయించొద్దు. కంపెనీ రాతపూర్వకంగా కాదన్నాకే బయటికి వెళ్లండి.

"చిప్ లెవల్ షాపులో ఏం చేస్తరు? ఏం అడగాలె?"

నేను సీటీసీలో చూసింది చెప్తాను. ఆ కుర్రాడు బోర్డును దీపం కిందికి జరిపి, భూతద్దంలో చిప్ మీద అచ్చు చదివాడు. 25క్యూ128 అని ఉంది. చిప్ ఒక మూలన సూదిమొన అంత చుక్క. క్లిప్ తీగల్లో ఎర్రదాన్ని ఆ చుక్క వైపు పెట్టి ఎనిమిది కాళ్లను ఒకేసారి పట్టించాడు. తీగ రెండో కొస సీహెచ్341ఏ అనే అరచేతిలో సగం లేని ప్రోగ్రామర్‌కు. కొన్ని వందల రూపాయల వస్తువు. రాయడానికి తొందరపడలేదు. ముందు చిప్‌లో ఉన్నది చదివాడు, మళ్లీ చదివాడు, రెండు ఫైళ్లూ సరిపోల్చాడు. తేడా వస్తే క్లిప్ సరిగ్గా పట్టలేదని అర్థం. రెండూ ఒకటేనని తేలాక ఆ పాత ఫైలును నా పేరుతో దాచి, అప్పుడు కొత్తది రాశాడు.

ఆ పాత ఫైలు ఎందుకంటే మీ బోర్డు సీరియల్ నెంబరు, నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్, లాప్‌టాప్ అయితే కంపెనీ ఇచ్చిన విండోస్ కీ కూడా సాధారణంగా ఆ చిప్‌లోనే ఉంటాయి. తెలియని మెకానిక్ వేరే మెషిన్‌లోంచి తీసిన ఫైలును యథాతథంగా ఎక్కిస్తే డిస్‌ప్లే వస్తుంది, కానీ మీ లాప్‌టాప్ ఇంకొకరి సీరియల్ నెంబరుతో లేస్తుంది. రేపు వారంటీ, లైసెన్సు రెండూ చిక్కులో పడతాయి.

అందుకే చేతికి ఇచ్చే ముందు జాబ్ షీటు మీద నాలుగు సంగతులు రాయించండి: బోర్డు సీరియల్ నెంబరు, తెచ్చినప్పటి స్థితి, పాత బయోస్ ఫైలు ప్రతి నాకివ్వాలి అన్న మాట, బోర్డు మారిస్తే పాతది వాపసు అన్న మాట. చిప్ 1.8 వోల్టులదా 3.3 వోల్టులదా చూశారా అని కూడా అడగండి. కొత్త లాప్‌టాప్‌లలో 1.8 చిప్‌లు ఎక్కువ. దానికి అడాప్టర్ లేకుండా 3.3 ఇస్తే అప్పటిదాకా బతికున్న చిప్ నిజంగా చస్తుంది.

బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టమే అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. "జీఎస్టీ లేకుండా తక్కువ చేస్తా" అన్న మాటకు పడితే, రేపు అదే షాపు మీద ఫిర్యాదు చేయడానికి మీ దగ్గర ముక్క కాగితం ఉండదు. ఇంకో మెలిక: డబ్బులు తీసుకోకుండా చేసిన పని చట్టం దృష్టిలో సేవ కిందికి రాదు. తెలిసినాయన స్నేహంగా చేస్తానంటే కూడా ఎంతో కొంత ఇచ్చి రసీదు అడగండి. వారంటీలో చేసేది అలా ఉచితం కాదు, దాని ధర మీరు కొన్న రోజే కట్టేశారు.

"బయోస్ కాపీ తీయడం నేరం కాదా?"

మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ పోకుండా కాపాడుకోవడానికి, అది ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికే వాడుకోవడానికి ప్రతి తీసుకోవడాన్ని కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 52 ఉల్లంఘన కాదంటుంది. ఆ ప్రతిని పదిమందికి అమ్మడం వేరు.

"సికింద్రాబాద్‌లో కొన్న. కేసు కూడా అక్కడికే పోయి వేయాల్నా?"

అక్కర్లేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. పాత 1986 చట్టంలో అమ్మినవాడు ఉన్న చోటనో, వివాదం పుట్టిన చోటనో వేయాలి. అచ్చంపేట రైతు కొడుకు వంద కిలోమీటర్లకు పైగా బస్సెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, వాయిదా పడిందని వినొచ్చేవాడు. మూడు వాయిదాలకే విసిగి వదిలేసేవాడు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం సెక్షన్ 34లో ఒక మాట చేర్చింది: ఫిర్యాదు చేసేవాడు నివసించే చోట, లేదా పనిచేసుకుని బతికే చోట కూడా వేయొచ్చు. కంపెనీ బెంగళూరుదైనా, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, మీరు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కే వెళ్లొచ్చు.

2016లో, తర్వాత 2019లో జిల్లాలు చీలాయి కదా, సూర్యాపేట, వనపర్తి, నారాయణపేటవాళ్లు ఏ కమిషన్ అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేసేటప్పుడు మీ జిల్లా ఎంచుకుంటే తేలిపోతుంది, లేదా 1915కు ఫోన్ చేసి అడగండి.

ఆ 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కేసు కన్నా ముందు అక్కడ ఫిర్యాదు నమోదు చేయించండి. వాళ్లు కంపెనీకి పంపుతారు, కొన్ని తగాదాలు అక్కడే తెగుతాయి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

కమిషన్‌లో, మీరు వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు ఏమీ లేదు. లాయర్ తప్పనిసరి కాదు, మీరే మాట్లాడుకోవచ్చు, వీడియోలో వినమని కోరొచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, ఆ నెంబరు 15100. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అవతలివాళ్లకు నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది. ఆచరణలో ఎక్కువే పట్టొచ్చు, ఓపిక పట్టండి.

"నాది ఇంటర్నెట్ సెంటర్. వ్యాపారానికి కొన్నవ్ అని కొట్టేస్తరా?"

అవతలి లాయర్ మొదట అనేది అదే. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారు కాడని చట్టంలో ఉంది, నిజమే. కానీ వెంటనే మినహాయింపు కూడా ఉంది: స్వయం ఉపాధితో తన బతుకు తాను సంపాదించుకోవడానికే కొన్నవాడు వినియోగదారే. కలెక్టరేట్ ఎదురుగా ఒక గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని పహాణీలు, ఎప్‌సెట్ దరఖాస్తులు నింపే మనిషి ఆ మినహాయింపులో నిలుస్తాడు. ఫిర్యాదులో ఆ వాక్యాన్ని మొదటి పేరాలోనే రాయండి. కూర్చునేది మీరేనని, ఇంటి ఖర్చు దాని మీదే నడుస్తుందని చెప్పండి. దరఖాస్తుల గడువు రోజుల్లో కంప్యూటర్ ఆగిపోతే పోయిన రాబడి లెక్క కూడా చూపండి. ఇరవై మందిని పెట్టుకున్న సంస్థకు ఈ మినహాయింపు దొరకడం కష్టం.

"డెడ్ బోర్డు అని కంపెనీ అంటది, కాదని నేనంట. ఎవరి మాట నమ్ముతరు?"

కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్లది. చూసి తేల్చలేని లోపమైతే వస్తువును సీలు చేసి తగిన ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది, 45 రోజుల్లో నివేదిక అడుగుతుంది. ఖర్చు ముందు ఫిర్యాదుదారే కట్టాల్సి రావొచ్చు. మీ దగ్గర దాచుకోవాల్సినవి ఇవి: ఇంట్లో మీట నొక్కినప్పుడు తీసిన వీడియో, కొన్న బిల్లు, డబ్బా మీద అచ్చు, జాబ్ షీటు, వారంటీ కాదన్న ఉత్తరం, 1915 ఫిర్యాదు నెంబరు, బయట బాగుచేయిస్తే ఆ బిల్లు. "బోర్డు మార్చాల్సిందే" అన్న కాగితం, అదే బోర్డును రాత మార్చి లేపిన బిల్లు పక్కపక్కన పెడితే వేరే వాదన పెద్దగా అక్కర్లేదు. నాకు ఆ మొదటి కాగితం లేదు. ఆరోజు అడగాలని తోచలేదు.

"నా ఫొటోలు, ఫైళ్లు పోయినయా?"

పోలేదు. అవి డిస్క్‌లో ఉంటాయి, బయోస్ చిప్‌లో కాదు. డిస్క్ విడిగా తీయగలిగితే షాపుకు బోర్డు మాత్రమే ఇవ్వండి. బాగయ్యాక విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ కీ అడగొచ్చు, బయోస్ మారిందని గమనించి అలా చేస్తుంది. కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. "ఫార్మాట్ చేస్తే సరి" అనేవాళ్లను ఆపండి.

"ఏం చేసినా లేవలేదు. పారేయొచ్చా?"

పాత ఇనుప సామాన్లవాడికి వేయొద్దు. కాల్చి రాగి తీస్తారు, ఆ పొగలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుది. కంపెనీ సైటులో సేకరణ వివరాలు చూడండి. కేసు నడుస్తుంటే మాత్రం ఇంట్లోంచి కదలనీయొద్దు. బోర్డును యాంటీ స్టాటిక్ కవర్లో, అది లేకపోతే బోర్డు వచ్చిన డబ్బాలోనే పెట్టి, మీద తేదీ వేసి, సీరియల్ నెంబరు కనబడేలా ఫొటో తీసి, బీరువాలో బిల్లుల పక్కన ఉంచండి. ప్రయోగశాలకు పోవాల్సింది ఆ ఎనిమిది కాళ్ల చిప్పే.